కొత్త ల్యాప్‌టాప్‌కి లైనక్స్ మింట్ సరిపోతుందా? ఏడాది పైన వాడాక నా లెక్క

ముందే చెప్పేస్తా, విండోస్ బదులు వేసుకునే ఈ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ నాకు సరిపోయింది. అలాగని విండోస్ తీసెయ్యలేదు, తీసేసే ఆలోచన కూడా లేదు, ఎందుకో కింద చెప్తా. నెల్లూరులో డీటీపీ పని నాది. ఎక్కువగా కోచింగ్ సెంటర్ల మెటీరియల్, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, ముహూర్తాల సీజన్‌లో పెళ్ళికార్డులు. 2024 ఎండాకాలంలో ఈ ల్యాప్‌టాప్ కొన్నా. 14 అంగుళాల స్క్రీను, ఏఎండీ రైజెన్ ప్రాసెసర్, బోర్డుకే అతికించేసిన 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా మీకు పెద్దగా ఉపయోగం ఉండదు. ఒకే మోడల్ పేరుతో అమ్మే రెండు పీసుల్లో వైఫై చిప్పులు ఒక్కోసారి వేరువేరుగా ఉంటాయి, ఒకదాంట్లో లైనక్స్ హాయిగా నడుస్తుంది, రెండోదాంట్లో నెట్టే రాదు.

చాలామంది ఏ డిస్ట్రో (మింట్, ఉబుంటు లాంటి లైనక్స్ రకం) బాగుంటుంది అని మెనూలు, థీమ్‌లు, డెస్క్‌టాప్ అందం చూసి తేల్చుకుంటారు. ల్యాప్‌టాప్ పాతదైతే అలా తేల్చుకున్నా నడిచిపోతుంది. కొత్తదైతే మాత్రం మొదట చూడాల్సింది ఒక్కటే, ఆ డిస్ట్రో ఏ కెర్నల్‌తో (హార్డ్‌వేర్‌ని నడిపే సిస్టమ్ గుండెకాయ) వస్తోంది అని. లైనక్స్‌లో డ్రైవర్లు, అంటే ఒక్కో చిప్పుని పనిచేయించే ప్రోగ్రాములు, చాలావరకు కెర్నల్‌లోనే ఉంటాయి. విండోస్‌లో లాగా సీడీ పెట్టి, సైట్‌కి వెళ్ళి దించుకునే వ్యవహారం తక్కువ. కాబట్టి మీ చిప్పు మార్కెట్లోకి రాకముందే బయటికొచ్చిన కెర్నల్ వేసుకుంటే ఆ చిప్పు సంగతి దానికి చాలాసార్లు తెలియదు, అంతే.

నా దగ్గర జరిగింది సరిగ్గా ఇదే. అప్పటికి చేతిలో ఉన్నది మింట్ 21.3. అది 2024 జనవరిలో వచ్చిందే అయినా లోపల ఉబుంటు 22.04 పునాది, కెర్నల్ 5.15, అంటే 2021 నాటిది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే స్క్రీను వచ్చింది, సౌండ్ వచ్చింది, టచ్‌ప్యాడ్ వెన్నలా పనిచేసింది, వైఫై గుర్తు మాత్రం అసలు కనపడలేదు. ఆపేశారేమో అనుకోవడానికి కూడా లేదు, సెట్టింగుల్లో వైఫై అనే వరసే లేదు. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది (ఇది గుర్తుపెట్టుకోండి, వైఫై రాని చోట ఎప్పుడైనా ఆదుకునేది ఇదే). వెతికితే తేలిందేంటంటే, నా చిప్పుకి డ్రైవర్ 6.2 కెర్నల్‌లో చేరింది. అదే 21.3 కి ఎడ్జ్ అని ఇంకో ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) ఉంది, దాంట్లో 6.5 కెర్నల్. అది పెట్టి చూస్తే ఇంట్లోవి, పక్కింటివి, అన్ని వైఫైలూ వరసగా వచ్చి కూర్చున్నాయి. డిస్ట్రో అదే, అదే ఆకుపచ్చ లోగో, మారింది కెర్నల్ ఒక్కటే. జూలై చివర్లో మింట్ 22 వచ్చింది, ఉబుంటు 24.04 పునాది మీద, 6.8 కెర్నల్‌తో. దాన్నే ఇన్‌స్టాల్ చేశా, ఇప్పటికీ ఆ 22 వరసలోనే ఉన్నా. 2025 సెప్టెంబర్లో వచ్చిన 22.2లో కెర్నల్ 6.14, కాబట్టి ఈ మధ్య కొన్న ల్యాప్‌టాప్‌లకు పరిస్థితి నేను కొన్నప్పటికంటే మెరుగు.

అందుకే ఇన్‌స్టాల్ బటన్ నొక్కకముందు పెన్‌డ్రైవ్ మీదే ఒక పూట గడపండి. బ్రౌజర్ తెరిచి యూట్యూబ్ రాగానే అంతా ఓకే అనుకోవద్దు. బ్రైట్‌నెస్ కీలు, మైకు, కెమెరా, బ్లూటూత్, హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకర్ ఆగుతోందా, హెచ్‌డీఎంఐకి టీవీ తగిలిస్తే బొమ్మ వస్తోందా, అన్నిటికంటే ముఖ్యం మూత మూసి ఒక పావుగంట తర్వాత తెరిస్తే లేస్తోందా. కొనకముందే తెలుసుకోవాలంటే లైనక్స్ హార్డ్‌వేర్ డేటాబేస్‌లో మోడల్ నంబర్ కొట్టి చూడొచ్చు, ఉబుంటు సర్టిఫైడ్ జాబితా కూడా ఉంది. షాపులో డిస్‌ప్లే పీసుకి పెన్‌డ్రైవ్ పెట్టనివ్వమని అడిగి చూడండి. నన్ను మాత్రం పెట్టనివ్వలేదు, "సార్, వైరస్ వస్తుంది" అన్నారు.

విండోస్ 11తో వచ్చే ల్యాప్‌టాప్‌లలో డిస్క్ చాలాసార్లు బిట్‌లాకర్‌తో తాళం వేసే వస్తుంది. బయోస్‌లో (ల్యాప్‌టాప్ బూట్ సెట్టింగుల్లో) ఏదైనా కదిలిస్తే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ముందే దాన్ని కాగితం మీద రాసిపెట్టుకోండి, లైనక్స్‌కి చోటు కోసం విండోస్ పార్టిషన్ తగ్గించడం విండోస్‌లోనే చేసుకోండి. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సిస్టమ్‌ని బూట్ కానివ్వని కాపలా) ఆపాల్సిన పని నాకు రాలేదు.

ఇక తెలుగు. నాలాంటివాళ్ళకి అసలు పరీక్ష ఇక్కడే. తెరమీద తెలుగు చూడ్డానికి ఏ ఇబ్బందీ లేదు, స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, ఏ ఒత్తూ విడిపోదు. టైపింగ్‌కి ఐబస్ అనే ప్రోగ్రాము, దాంతోపాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్, అన్ని కీబోర్డ్ లేఅవుట్లూ జాబితాలో దొరుకుతాయి. నేను మొదట్నుంచీ అనులో (పాత తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్) యాపిల్ లేఅవుట్ మీద కొట్టినవాణ్ణి. ఇక్కడి యాపిల్‌లో కొన్ని ఒత్తుల దగ్గర మొదట్లో చెయ్యి తడబడింది, తర్వాత అలవాటైపోయింది. రామభద్ర, మండలి, సూరన్న, గిడుగు లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, ఫాంట్ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే చాలు.

లిబ్రేఆఫీస్‌లో ఒక తిరకాసు ఉంది. స్టైల్‌లో ఇంగ్లిషుకు ఒక ఫాంటు, తెలుగు లాంటి భాషలకు విడిగా ఇంకో ఫాంటు, ఇంకో సైజు ఉంటాయి. పైన సైజు 12 అని మార్చి తెలుగు ఎందుకు మారలేదని తల పట్టుకునేవాళ్ళు చాలామంది. భాషల సెట్టింగుల్లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి టిక్ పెడితే ఆ రెండో గడి కనపడుతుంది, అక్కడ మార్చాలి. కోచింగ్ సెంటర్ వాళ్ళు వర్డ్‌లో గౌతమి ఫాంట్‌తో చేసి పంపిన ఫైలు తెరిస్తే, గౌతమి విండోస్ సొత్తు కాబట్టి ఇక్కడ వేరే ఫాంట్ వచ్చి కూర్చుంటుంది, లైన్లు కిందికి జారి పేజీలు పెరిగిపోతాయి. 2025లో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ పడ్డాక రోజూ ఇలాంటి ఫైళ్ళే, నేను చేసిందల్లా నా స్టైల్ ఫైలు ఒకటి తయారు చేసుకుని వచ్చిన మ్యాటర్ అంతా దాంట్లోకి పోసుకోవడం. ప్రెస్ వాడికి పీడీఎఫ్ ఇస్తే చాలు, ఫాంట్లు అందులోనే ఇమిడి ఉంటాయి కాబట్టి గొడవ ఉండదు. పుస్తకం పేజీలు పేర్చడానికి స్క్రైబస్ 1.6 బాగానే ఉంది, పాత 1.4లో ఒత్తులు విడివిడిగా పడేవి, ఇప్పుడు ఆ బాధ తప్పింది.

అయితే పాత అను ఫైళ్ళు, పేజ్‌మేకర్ ఫైళ్ళు ఉన్నాయి చూశారూ, వాటికి మాత్రం విండోస్ తప్పదు. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) కావు, ఆ ఫాంట్ లేకుండా తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గందరగోళం కనపడుతుంది. మ్యాటర్ ఒక్కటే కావాలంటే కన్వర్టర్లు ఉన్నాయి, మళ్ళీ ప్రూఫ్ చూసుకోవాలి. పెళ్ళికార్డులు కోరల్‌డ్రాలో చేస్తా, దానికీ విండోసే. ట్యాలీ మీద బతికే ఆక్వా ఫీడ్ డీలర్లు, అకౌంటెంట్లు అడుగుతుంటారు, ట్యాలీకి లైనక్స్ వెర్షన్ లేదు, వైన్‌లో (విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్స్‌లో నడిపేది) నెట్టుకొస్తా అంటే నేనైతే మార్చి నెలాఖరున ఆ సాహసం చెయ్యను.

బ్యాటరీ విషయంలో నాకు ఫిర్యాదు లేదు, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు వెళ్తూ ప్రూఫులు దిద్దుకుంటూ కూర్చుంటే దిగేదాకా వస్తుంది, వీడియోలు చూస్తే రాదు. నిద్ర సంగతే బాగాలేదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో పాత పద్ధతి నిద్ర, ఎస్3 అనేది, కంపెనీలే తీసేశాయి. మిగిలింది పైపై కునుకు లాంటిది, మూత మూసినా లోపల ఏదో ఒకటి మేలుకునే ఉంటుంది. రాత్రి మూసిపెట్టి పొద్దున తెరిస్తే ఛార్జింగ్ కళ్ళముందే తగ్గి ఉంటుంది, బ్యాగులో పెడితే వేడెక్కుతుంది. హైబర్నేట్ (పనంతా డిస్కులో దాచి పూర్తిగా ఆపెయ్యడం) పెట్టుకుందామంటే డిస్కులో ర్యామ్ అంత స్వాప్ చోటు కావాలి, పైగా సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కెర్నల్ హైబర్నేట్‌ని ఒప్పుకోదు. నేను షట్‌డౌన్ చేసేస్తా, బూట్ అవడానికి ఎక్కువసేపు పట్టదు కాబట్టి సరిపోతోంది. ఎండాకాలం మా ఊళ్ళో ఫ్యాన్ కింద కూర్చున్నా చెమటలే, రోహిణి కార్తెలో ల్యాప్‌టాప్ ఫ్యాను కూడా అలా మోగుతూనే ఉంటుంది. పవర్ మోడ్ సేవర్‌లో పెడితే కాస్త శాంతిస్తుంది, టైపింగ్ పనికి ఆ వేగం చాలు.

అప్‌డేట్ల దగ్గర మాత్రం మింట్‌కి దండం పెట్టాలి. పని మధ్యలో రీస్టార్ట్ చెయ్యమని పీకల మీద కూర్చోదు, ఎప్పుడు చెయ్యాలో నా ఇష్టం. ఒకసారి కెర్నల్ అప్‌డేట్ తర్వాత బ్రైట్‌నెస్ కీలు పనిచెయ్యడం మానేశాయి. బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్ళి పాత కెర్నల్ ఎంచుకుంటే మళ్ళీ మామూలే, తర్వాతి అప్‌డేట్‌తో అదే సర్దుకుంది. టైమ్‌షిఫ్ట్ మొదటిరోజే ఆన్ చేసుకోండి, సిస్టమ్ ఎక్కడైనా చెడితే నిన్నటి స్థితికి తిప్పేస్తుంది. మీ సొంత ఫైళ్ళను మాత్రం అది మామూలుగా కాపీ తియ్యదు, వాటికి వేరే హార్డ్‌డిస్క్ ఉండాల్సిందే. వేలిముద్ర సెన్సర్ ఇప్పటికీ పనిచెయ్యదు, నా సెన్సర్‌కి డ్రైవరే లేదు, పాస్‌వర్డ్ కొట్టుకుంటున్నా.

ఈ మధ్య మా అక్క కొడుకు ఇంజినీరింగ్‌లో చేరి ల్యాప్‌టాప్ కొన్నాడు. "మామా, నీది చూసి నేను కూడా మింటే వేస్తా" అన్నాడు. "ఏందిరా తొందర, నీది మొన్న మొన్న వచ్చిన మోడల్, ముందు పెన్‌డ్రైవ్ మీద చూడు" అన్నా. చూస్తే సౌండ్ రాలేదు. ఫెడోరా అనే ఇంకో డిస్ట్రో పెడితే వచ్చింది. ఫెడోరా ఆరు నెలలకో కొత్త వెర్షన్ తెస్తుంది, మధ్యలో కూడా కొత్త కెర్నల్ ఇస్తూనే ఉంటుంది, కొత్త సరుకుకి అది సుఖం. కాకపోతే ఒక్కో వెర్షన్‌కి దాదాపు 13 నెలలే సపోర్ట్, వీడియోలు ఆడటానికి కావాల్సిన కొన్ని కోడెక్‌లు విడిగా వేసుకోవాలి. వాడికి ఆ అప్‌గ్రేడ్‌లు సరదా, వచ్చిన రోజే చేసేస్తాడు. మింట్ 22 కి 2029 దాకా సపోర్ట్ ఉంది, పరీక్షల సీజన్‌లో మెటీరియల్ నెత్తిమీద పెట్టుకుని అప్‌గ్రేడ్‌లు చేసే ఓపిక నాకు లేదు, నేను దీంట్లోనే ఉంటా.