తొలకరి ఈతా, చలి ఈతా: ఏది మేలు?

సంక్రాంతి దగ్గర పడితే చాలు, నాందేడ్ జిల్లా దెగ్లూర్, బిలోలి వైపు మనవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న. "మామా, పొట్టేలును గొర్రెల మీదికి ఇప్పుడే విడవాలా, వానలదాకా ఆపాలా?" ఇప్పుడు విడిస్తే ఐదు నెలలకు, మృగశిర, ఆరుద్ర కార్తెల్లో ఈనుతాయి, అది తొలకరి ఈత. ఆరుద్రలో విడిస్తే కార్తీకం చివర మొదలై చలిలో ఈనుతాయి, అది చలి ఈత. నా దగ్గర 40 దక్కనీ నల్లగొర్రెలున్నాయి. రెండు ఈతలూ చూశాను, మూడేళ్లుగా చలి ఈతకే ఉన్నాను.

తొలకరి ఈతను తీసిపారేయలేం. పిల్ల గడ్డి కొరికే వయసుకు బీడంతా పచ్చగా ఉంటుంది. పాలు మానే భాద్రపదానికి కడుపునిండా మేత. చలి పిల్ల పాలు మానేసరికి ఫాల్గుణం వస్తుంది, ఎండలు ముదురుతాయి. అప్పుడు శనగ పొట్టు, కంది పొట్టు, సుబాబుల్ ఆకు పెట్టి నెట్టుకురావాలి. ఆ ఖర్చు తప్పదు.

అయినా నా లెక్కంతా తల్లి మేత మీదే. కడుపులో పిల్ల పెరుగుదలలో మూడింట రెండు వంతులు చివరి ఆరు వారాల్లోనే జరుగుతుంది. పొదుగులో పాలు తయారయ్యేదీ అప్పుడే. తొలకరి ఈతకు ఆ ఆరు వారాలు మే నెలలో, రోహిణి ఎండల్లో పడతాయి. గొర్రె ఎండు పుల్లలు నములుతూ, నీళ్ల కోసం మైళ్లు నడుస్తూ, ఒంట్లో ఉన్నది కరిగించుకుంటుంది. నేను చివరిసారి తొలకరికి ఈనించిన ఏడు 31 పిల్లలు పుడితే తొమ్మిది పోయాయి. ఒకదాన్ని మరిచిపోలేను. రాత్రి వానలో పుట్టింది, రెండు కిలోలు కూడా లేదు. తెల్లారేసరికి బురదలో ఒణుకుతూ తల్లి చన్ను చీకుతోంది. నేను పిండి చూస్తే రెండు చుక్కలు, అంతే. మొదటి గంటల్లో జున్నుపాలు పడని పిల్లకు రోగాన్ని తట్టుకునే శక్తి ఎక్కడిది?

చలి ఈతకు అవే ఆరు వారాలు దసరా నుంచి మొదలవుతాయి. సోయా కోతలు అయిపోయి చేలన్నీ ఖాళీ. రబీ విత్తే ముందు ఎరువు కోసం రైతులే మంద పెట్టమని పిలుస్తారు. రాలిన ఆకు, గట్ల మీద గడ్డి తిని తల్లి వెన్ను నిండుతుంది. (రాలిన సోయా గింజ మీద మాత్రం ఒక్కసారిగా వదలొద్దు, కడుపు ఉబ్బుతుంది.) ఇలా మేసిన తల్లికి పుట్టిన పిల్ల పావుగంటలో లేచి నిలబడుతుంది. చన్నుకొనకున్న మైనంలాంటి బిరడా మీరు తీసేస్తే, జున్నుపాలు వేలి మీద జిగటగా సాగుతాయి. ఇక చలి అంటారా? పొడి జొన్న చొప్ప పరిచి, మూడు రాత్రులు పిల్లను గొంగడి కింద ఉంచితే సరిపోతుంది. చలిని ఆపడం మన చేతిలో ఉంది, మేలో పచ్చగడ్డి మొలిపించడం లేదు.

నీలినాలుక రోగం భయం మాత్రం నిజమే. వానల చివర దోమల్లాంటి చిన్న ఈగలతో వస్తుంది, చూడి గొర్రెకు కడుపు పోవచ్చు. వానలకు ముందే టీకా వేయించండి.

బక్రీద్ లెక్క అడిగేవాళ్లూ ఉన్నారు. చలి పిల్లలు ఒక్కో ఏడు పండుగకు అందుతాయేమో గానీ, పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, దాన్ని నమ్ముకుని ఈత పెట్టొద్దు. ఏడాది పొడవునా పొట్టేలును మందలోనే ఉంచడం నాకు నచ్చదు, ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో తెలియదు. రెండేళ్లకు మూడు ఈతలు దాణా పెట్టగలిగినవాళ్లకు.

ఆరుద్రలో విడిచాక 35 రోజులు ఉంచండి. ఎద 17 రోజులకోసారి వస్తుంది కాబట్టి రెండు సార్లు దొరుకుతుంది. తర్వాత మళ్లీ దాటకుండా పొట్టేలు పొట్ట కింద గోనెపట్టా కట్టేయండి. ఇప్పటికే తొలకరికి చూడి మీదున్న గొర్రెలుంటే మే మొదటి వారం నుంచి ఒక్కోదానికి రోజూ పావుకిలో దాణా పెట్టండి, ఈనే చోట మట్టి పోసి ఎత్తు చేసి పైన రేకు వేయండి.