యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ కేబుల్: కొనొచ్చు, ఫెరైట్ కోర్‌తో కలిపి

ఎఫ్‌టీ8 (కంప్యూటర్ సాయంతో చిన్న డిజిటల్ సందేశాలు పంపే పద్ధతి) కోసం కొన్న, కంప్యూటర్‌ని రిగ్‌కి (రేడియో సెట్‌కి) కలిపే ఈ హామ్ రేడియో కేబుల్ నాకు నచ్చింది. పీటీటీని (రిగ్‌ని ప్రసారంలోకి మార్చే స్విచ్‌ని) సీరియల్ పోర్ట్‌లో ఉండే ఆర్‌టీఎస్ అనే సిగ్నల్ లైన్‌తో నడిపిస్తుంది. ఎఫ్‌టీ8 సాఫ్ట్‌వేర్ డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో కామ్ పోర్ట్ ఎంచుకుని "టెస్ట్ పీటీటీ" నొక్కగానే రిగ్ ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లింది.

టెన్షన్ అంతా 20 మీటర్ల బ్యాండ్‌లోనే. 14.074 మెగాహెర్ట్జ్‌లో పవర్ పెంచితే, 12.64 సెకన్ల ప్రసారం అయిపోయినా రిగ్ రిసీవ్‌కి రాదు, కేబుల్ పీకాల్సిందే. అదే పవర్‌తో డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే, సిగ్నల్‌ని బయటికి వదలని పరికరం) మీద మాత్రం చక్కగా పనిచేసింది. అంటే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల తప్పు కాదు, యాంటెన్నా నుంచి ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల శక్తి) ఈ కేబుల్‌లోకి దూరుతోంది. ఫెరైట్ కోర్‌కి (అలా దూరే ఆర్‌ఎఫ్‌ని అడ్డుకునే రింగుకి) కేబుల్‌ని నాలుగైదు చుట్లు చుట్టాక ఆ గొడవ పోయింది. ఈ ధరకి ఆ కోర్ కూడా వాళ్లే ఇవ్వాలి!

కంప్యూటర్ బూట్ అయ్యేటప్పుడు ఆర్‌టీఎస్ ఒక్కోసారి దానంతటదే ఆన్ అవుతుంది, అప్పటికే రిగ్ ఆన్‌లో ఉంటే ట్రాన్స్‌మిట్‌లోకి వెళ్లిపోతుంది. అందుకే ముందు కంప్యూటర్, ఆ తర్వాతే రిగ్ ఆన్ చేయండి.