గీత కలిసింది, ఫోకస్ తప్పింది: నైకాన్ డీ700లో కే3 స్క్రీన్‌తో ఏడేళ్లు

చిన్నప్పుడు మా నాన్న ఎఫ్‌ఎం2 ఫిల్మ్ కెమెరా వ్యూఫైండర్‌లో చూసిన ఆ గుండ్రటి చుక్క కోసమే ఇదంతా. చుక్క మధ్యలో అడ్డగీత. ఫోకస్ కుదరనంతసేపు గుమ్మం అంచు పైసగం ఒకచోట, కిందిసగం ఇంకోచోట ఉంటాయి. రింగు తిప్పుతుంటే రెండూ దగ్గరికి జరిగి ఒక్కటవుతాయి. గీత కలవడమంటే అదే. ఆ చుక్క ఉండేది ఫోకస్ స్క్రీన్‌లో, అంటే మనం వ్యూఫైండర్‌లో చూసే బొమ్మ పడే పల్చటి పలకలో. 2017 చివర్లో నా డిజిటల్ కెమెరా డీ700లో కే3 స్ప్లిట్ స్క్రీన్ బిగించుకున్న రోజు, నాన్న వాడిన 50 ఎంఎం ఎఫ్/1.4 లెన్సు తగిలించి కిటికీ ఊచ వైపు తిప్పాను. ఊచ రెండు ముక్కలై మళ్లీ అతుక్కుంది. ఆ సంతోషం నాకు ఈ రోజుకీ తగ్గలేదు.

కెమెరాతో వచ్చిన స్క్రీన్ చెడ్డదని కాదు. ఆటోఫోకస్ జూములతో కూడా వ్యూఫైండర్ వెలుగ్గా ఉండేలా దాన్ని చేశారు. ఆ వెలుగు కోసం ఒకటి వదులుకోవాల్సి వచ్చింది. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకుని, ఫోకస్‌కు ముందూ వెనకా బ్లర్ పెరగాలి. కానీ ఎఫ్/1.4 లెన్సు పెట్టినా కంటికి కనిపించే బ్లర్ ఇంచుమించు ఎఫ్/2.8దే. కావాలంటే లెన్సును ఎఫ్/2.8కి తిప్పి, ప్రివ్యూ బటన్ నొక్కి చూడండి. బ్లర్‌లో పెద్ద తేడా కనిపించదు. అందుకే వ్యూఫైండర్‌లో ముఖమంతా బాగున్నట్టే ఉండి, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే ముక్కు ఒక్కటే షార్ప్‌గా ఉండేది. ఫోకస్ కుదిరితే వెలిగే ఆకుపచ్చ చుక్క కింద ఎడమవైపు ఉంది కదా అంటారు. ఉంది, కానీ దాన్ని చూడాలంటే మనిషి ముఖం మీంచి చూపు తీసేయాలి. నాకు అదే కష్టం.

కే3 అసలు ఎఫ్‌ఎం3ఏ అనే ఫిల్మ్ కెమెరా స్క్రీన్. దాన్ని డిజిటల్ కెమెరాల కొలతకు కోసి తైవాన్ నుంచి అమ్మేవారు. నేను తీసేది ఎక్కువగా మంగళగిరి నేతగాళ్లను. గుంట మగ్గం ముందు కూర్చున్నవాళ్ల మీద కిటికీ వెలుతురు తప్ప ఇంకేమీ పడదు. అక్కడ కే3 నాకు చాలా సాయం చేసింది. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లయితే మరీ సులువు, ఫ్రేము అంచు కలిస్తే చాలు. జోడు లేకపోతే కెమెరా నిలువుగా పట్టుకుంటాను. అప్పుడు గీత కూడా నిలువవుతుంది కాబట్టి, కనురెప్ప అంచు రెండుగా విరిగి స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి నాలుగేళ్లు ఎవరడిగినా, గీత కలిస్తే ఇక చూసుకోనక్కర్లేదని చెప్పాను.

తర్వాత ఒక వేసవిలో సెన్సర్ మీద మచ్చలు పడితే రిపేర్ షాపులో ఇచ్చాను. శుభ్రంగానే చేసిచ్చారు. ఆ రెండు నెలలూ బయట ఎండలో ఎఫ్/5.6 దగ్గర తీశాను కాబట్టి ఏ తేడా తెలియలేదు. వానలు మొదలయ్యాక మళ్లీ మగ్గాల దగ్గరికి వెళ్లి, ఎప్పటిలాగే ఎఫ్/1.4, ఎఫ్/2లో తీసి ప్రింట్లు పట్టుకెళ్లాను. ఒక పెద్దమ్మ తన ఫొటో అటూ ఇటూ తిప్పి చూసి, "నాయనా, నా జుట్టు నెరిసిందని చెప్పటానికి తీశావా? కళ్లు మసగ్గా ఉన్నాయే" అంది. నిజమే. కణత దగ్గరి తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు, కళ్లు మాత్రం మెత్తగా ఉన్నాయి. ఆమె ఆ ఫొటో తీసుకుంది కానీ, గోడకు పెట్టుకోలేదు.

ముందు నా కళ్లనే అనుమానించాను. అద్దాలు మార్పించాను. తర్వాత లెన్సును అనుమానించాను. చివరికి ఒక ఆదివారం కెమెరాను స్టాండు మీద పెట్టి, వార్తాపత్రికను ఏటవాలుగా ఆనించి, ఒక హెడ్డింగ్ మీద గీత కలిపాను. సెన్సర్ చూసేదాన్నే వెనక తెర మీద చూపించే లైవ్ వ్యూలో పెద్దది చేసి చూస్తే ఆ హెడ్డింగ్ మసకగా ఉంది, దాని వెనక ఉన్న నాలుగైదు వరుసలు షార్ప్‌గా ఉన్నాయి. పచ్చచుక్క కూడా వెనక వరుసల దగ్గరే వెలుగుతోంది. పచ్చచుక్కను వెలిగించేది అద్దం కిందున్న వేరే ఫోకస్ సెన్సర్, స్క్రీన్‌తో దానికి సంబంధం లేదు. అంటే తప్పు స్క్రీన్‌దే.

షాపుకు వెళ్లి అడిగితే, దుమ్ము దులపడానికి స్క్రీన్ బయటికి తీసినట్టు ఒప్పుకున్నాడు. దాని పైన ఒక పల్చటి రేకు ఉండాలి కదా అన్నాను. "అది ప్యాకింగ్ ముక్కేమో అనుకున్నా సార్" అన్నాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ రేకే షిమ్. లెన్సు నుంచి స్క్రీన్‌కు ఎంత దూరమో, సెన్సర్‌కూ అంతే దూరం ఉండాలి. కోసి అమ్మే స్క్రీన్ మందం కెమెరాతో వచ్చినదానికి సరిగ్గా సరిపోదు కాబట్టి ఆ తేడాను షిమ్ సరిచేస్తుంది. అది పోతే స్క్రీన్ పైకి జరుగుతుంది, ఫోకస్ వెనక్కి పోతుంది. 50 ఎంఎం లెన్సుతో మీటరు దూరంలో 0.1 మి.మీ. తేడా మూడు నాలుగు సెంటీమీటర్లవుతుంది. సరిగ్గా కంటి నుంచి కణత దాకా.

కొత్త షిమ్‌లు తెప్పించి ఈసారి ఇంట్లోనే కూర్చున్నాను. ఫ్యాన్ ఆపి, బ్లోయరు, ట్వీజర్లు దగ్గర పెట్టుకుని, ఒక్కో మందం వేసి పత్రిక మీద చూసి మళ్లీ విప్పాను. నాలుగోసారికి కుదిరింది. స్క్రీన్‌ను అంచు దగ్గర తప్ప ముట్టుకోకూడదు, గుడ్డతో అసలు తుడవకూడదు. ప్లాస్టిక్ కదా, గీత పడితే ఇక పోదు.

గీత కలిస్తే చాలన్న మాట ఇప్పుడు అనను. బయల్దేరే ముందు ఒకసారి లైవ్ వ్యూతో సరిచూసుకుంటాను. పడుగు దారాల మీద గీత కలపడం కూడా మానేశాను. అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి, పై సగంలో ఒక దారం కింద సగంలోని పక్క దారంతో కలిసినా కుదిరినట్టే కనిపిస్తుంది. దానికంటే నాడె, అంటే పేక దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లేది, దాని అంచు నయం. ఒక్కచోటే వెలుతురు కొలిచే స్పాట్ మీటరింగ్‌ను మధ్యలో వాడను, స్క్రీన్ మీది ఆ గుండ్రటి చుక్క లెక్క తప్పిస్తుంది. ఎఫ్/5.6 జూము పెడితే చుక్కలో సగం నల్లబడుతుంది.

పాత మాన్యువల్ లెన్సులు చేతిలో ఉండి, ఎదుటి మనిషి కాసేపు కుదురుగా కూర్చుంటే, ఇంతకంటే నాకు నచ్చింది ఇంకేదీ లేదు. కానీ నాకు ఇది పనికొచ్చింది నా దగ్గర నాన్న లెన్సులు ఉన్నాయి కాబట్టి, తొందరేమీ లేదు కాబట్టి. ఉన్నది ఒక్క కెమెరాయే, దాంతోనే ఫంక్షన్లు తీస్తున్నారంటే వేయించుకోమని చెప్పలేను. కెమెరాతో వచ్చిన స్క్రీన్‌ను మాత్రం ఎవరూ పారేయకండి. నాది డబ్బీలో భద్రంగా ఉంది. వచ్చే నెల మా తమ్ముడి కూతురి పెళ్లి, దానికి తమ్ముడి మిర్రర్‌లెస్ కెమెరా తీసుకెళ్తున్నాను. ఆ తర్వాతి వారం మంగళగిరి. ఆ పెద్దమ్మ మళ్లీ తీయించుకుంటానంది.