1,18,000 కిలోమీటర్లు తిరిగిన పోలో జీటీ టీఎస్ఐ: కొనదగినదేనా?

మా చెల్లెలి కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. బస్సులు, మెట్రో మారి మారి విసిగిపోయి సొంతంగా కారు కొనుక్కోవాలనుకున్నాడు. అందరిలాగా చిన్న కొత్త కారు వైపు చూడకుండా, కాలేజీ రోజుల నుంచి మనసు పడ్డ ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ మీదనే పట్టుబట్టాడు. నల్లగొండలో పాత కార్లు అమ్మే ఒకాయన దగ్గర 2015 నాటి బండి ఒకటి ఉందని తెలిసి, "రీడింగ్ ఎక్కువే గానీ బండి బాగుంది, జర నువ్వొకసారి చూడు మామా" అని నాకు ఫోన్ చేశాడు. ఆ కారును నేను రెండు రోజుల పాటు చూశాను, నడిపాను, నమ్మకమైన మెకానిక్‌తో లిఫ్టు మీద పెట్టించి కింద నుంచి పరీక్షింపజేశాను. ఇలాంటి కారు కోసం వెతుకుతున్నవారు మన జిల్లాలో ఇంకా ఉంటారన్న ఉద్దేశంతో, చూసినదంతా వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ కారు సంగతి చెప్పాలి. పోలో మన దేశంలోకి 2010లో వచ్చింది, పుణె దగ్గరి చాకణ్‌లో తయారైంది. జీటీ టీఎస్ఐ 2013లో విడుదలైంది. 1,197 సీసీ టర్బో పెట్రోల్ ఇంజిన్, 105 పీఎస్ శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల) ఆటోమేటిక్ గేర్‌బాక్స్ దీని ప్రత్యేకతలు. నిలుచున్న చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగం 9.7 సెకన్లలో అందుకుంటుందని కంపెనీ ప్రకటించింది. ఆ ధరలో అంత చురుకైన ఆటోమేటిక్ కారు అప్పట్లో మరొకటి దొరకడం కష్టమే. 2020లో కాలుష్య ప్రమాణాలు మారినప్పుడు ఈ ఇంజిన్, ఈ గేర్‌బాక్స్ రెండూ వెళ్లిపోయి వాటి స్థానంలో ఒక లీటరు మూడు సిలిండర్ల ఇంజిన్ వచ్చింది. 2022లో పోలో తయారీయే ఇక్కడ ఆగిపోయింది. అందువల్ల ఇప్పుడు ఈ కారు కావాలంటే పాతదే కొనాలి, పాతవాటిలో తక్కువ తిరిగినవి అరుదు.

మనవాళ్లు మైలేజీ అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందన్న లెక్కనే తీసుకుంటారు, రీడింగ్ అంటే కారు మొత్తం తిరిగిన దూరం. ఈ కారు రీడింగ్ 1,18,000 పైచిలుకు. ఆ అంకె చూడగానే భయపడి వెనక్కి తిరిగేవారిని చాలామందిని చూశాను. నాకు మాత్రం అది భయపెట్టే అంకెగా తోచలేదు. పదేళ్లలో అంత తిరగడమంటే ఏడాదికి పన్నెండు వేలకు కాస్త అటూ ఇటూ, అది ఇంట్లో వాడుకునే కారుకు సహజమైన వాడకం. 2015 నాటి కారు నలభై వేలు మాత్రమే తిరిగిందని చెబితే అప్పుడు అనుమానించాలి, ఎందుకంటే మీటరును వెనక్కి తిప్పడం ఈ వ్యాపారంలో కొత్త విద్య కాదు. రీడింగ్ నిజమా కాదా అని తేల్చుకోవడానికి ఛాసిస్ నంబరుతో అధీకృత సర్వీస్ సెంటర్లో రికార్డు తీయించాను. ప్రతి సర్వీసు నాటి రీడింగ్ వరుసగా పెరుగుతూ వచ్చింది. బ్రేక్ పెడల్ రబ్బరు అరుగుదల, డ్రైవర్ సీటు అంచు నలిగిన తీరు, స్టీరింగ్ మీద తోలు నునుపుదేలిన తీరు కూడా ఆ అంకెతో సరిపోయాయి. ఈ మూడింటినీ ఎవరైనా ఒక్క పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు.

అయితే ఆ రికార్డులోనే ఒక లోపం బయటపడింది. 82,000 కిలోమీటర్ల దాకా క్రమం తప్పకుండా జరిగిన సర్వీసులు, కారు మూడో యజమాని చేతికి వచ్చాక కాగితాల మీద కనిపించడం మానేశాయి. బయట గ్యారేజీలో చేయించామని చెప్పారు గానీ ఒక్క బిల్లు కూడా చూపలేకపోయారు. మామూలు ఇంజిన్ అయితే నేను దీన్ని అంత పట్టించుకునేవాడిని కాదు. టర్బో ఇంజిన్‌లో మాత్రం, లోపలికి గాలిని బలంగా నెట్టే టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్ల పైగా తిరుగుతుంది, దానికి ఆధారం పలుచని ఆయిల్ పొరే. ఆయిల్ మార్పు ఆలస్యమైనా, కంపెనీ చెప్పిన 502 00 ప్రమాణం లేని ఆయిల్ పోసినా ఆ నష్టం వెంటనే కనబడదు, ముప్పై నలభై వేల కిలోమీటర్ల తరువాత బయటపడుతుంది. పైగా ఈ ఇంజిన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది కనుక ఇన్‌టేక్ వాల్వులను కడిగే పెట్రోల్ ధార ఉండదు, వాటి మీద మసి పేరుకుంటుంది.

అందుకే ఉదయం ఆరున్నరకు, మేము వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పి వెళ్లాను. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాకే తాళం తిప్పాం. వేడెక్కిన ఇంజిన్ చాలా రోగాలను దాచిపెడుతుంది, చల్లని ఇంజిన్ దాచలేదు. మొదటి రెండు మూడు సెకన్లలో ముందు భాగం నుంచి గలగలమనే చప్పుడు వస్తే వాల్వులను సమయానికి నడిపే టైమింగ్ చైన్ సాగిందని అనుమానించాలి. 1.2 టీఎస్ఐలో ఈఏ111 తరం ఇంజిన్లకు చైన్, తరువాతి ఈఏ211 తరానికి బెల్టు ఉంటాయి కనుక, చూస్తున్న కారులో ఏది ఉందో ఇంజిన్ కోడ్‌ను బట్టి సర్వీస్ సెంటర్లో తేల్చుకోవాలి. ఈ కారులో అలాంటి చప్పుడు రాలేదు. సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ కూడా రాలేదు. స్కానర్ పెట్టి చూస్తే ఇంజిన్‌లో నమోదైన లోపాలు లేవు, శక్తి పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామును మార్చిన (రీమ్యాప్) ఆనవాళ్లూ లేవు. జీటీ కొనే కుర్రవాళ్లలో రీమ్యాప్ మోజు ఎక్కువ కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి. పెంచిన టార్క్ భారమంతా చివరికి గేర్‌బాక్స్ క్లచ్‌ల మీదే పడుతుంది.

ఈ కారును కొనాలా వద్దా అన్నది తేలేది ఆ గేర్‌బాక్స్ దగ్గరే. పేరుకు ఆటోమేటిక్ అయినా దీని లోపల ఉన్నవి మన మాన్యువల్ కార్లలో ఉన్నలాంటి పొడి క్లచ్‌లే, కాకపోతే రెండు. ఒక క్లచ్ 1, 3, 5, 7 గేర్లను, రెండోది 2, 4, 6 గేర్లను, రివర్స్‌ను నడుపుతాయి. ఒక గేరులో వెళుతుండగానే తరువాతి గేరు రెండో క్లచ్ మీద సిద్ధంగా ఉంటుంది కనుక మార్పు కనురెప్ప పాటులో జరుగుతుంది. ఈ క్లచ్‌లను కలిపి, విడదీసి, గేర్లు మార్చేది మెకట్రానిక్ యూనిట్. ఖాళీ రోడ్డు మీద ఈ ఏర్పాటును మించింది లేదు. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం జరిగేటప్పుడు మాత్రం క్లచ్ పూర్తిగా పట్టక, పూర్తిగా వదలక, రాపిడితో వేడెక్కుతూ అరిగిపోతుంది. చల్లబరచడానికి దాని చుట్టూ ఆయిల్ లేదు. మాన్యువల్ కారులో మన ఎడమకాలికి తెలిసే ఆ అరుగుదల ఇక్కడ డ్రైవరుకు తెలియకుండానే జరిగిపోతుంది.

ఆ ఉదయం క్లాక్ టవర్ నుంచి ప్రకాశం బజార్ మీదుగా కావాలనే నెమ్మదిగా నడిపాను. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు ఏమీ తెలియలేదు. పావుగంట తరువాత, రెండో గేరులో మెల్లగా దొర్లుతూ మళ్లీ యాక్సిలరేటర్ తాకినప్పుడల్లా సన్నని వణుకు వచ్చింది. ఒక ర్యాంపు మీదికి రివర్స్‌లో ఎక్కిస్తే అదే వణుకు స్పష్టంగా తెలిసింది. రెండో గేరుకు, రివర్స్‌కు క్లచ్ ఒకటే కనుక ఆ క్లచ్ అరిగిందని మెకానిక్ వెంటనే అర్థం చేసుకున్నాడు. ఇన్ని కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం నగరంలో తిరిగిన, కంపెనీ నుంచి వచ్చిన క్లచ్‌కు ఇది వయసు తెచ్చిన అరుగుదల. దీన్ని నేను తయారీ లోపంగా చూడడం లేదు. మెకట్రానిక్ యూనిట్‌లో లోపం నమోదు కాకపోవడం పెద్ద ఊరట.

తరువాత నార్కట్‌పల్లి వెళ్లి, విజయవాడ హైవే మీద చిట్యాల దాకా నడిపి వెనక్కి వచ్చాం. ఆ ముప్పావుగంటలో మా మేనల్లుడి ఇష్టానికి కారణం నాకూ అర్థమైంది. 100 వేగంలో ఏడో గేరులో ఇంజిన్ రెండు వేల పైచిలుకు చుట్ల దగ్గర నిమ్మళంగా ఉంటుంది, లారీని దాటాలని కాలు నొక్కగానే రెండు మూడు గేర్లు దిగి నిశ్చింతగా దూసుకుపోతుంది. పదేళ్ల తరువాత కూడా తలుపు మూస్తే వచ్చే గట్టి శబ్దం, వేగంలో రోడ్డును పట్టుకునే తీరు అలాగే ఉన్నాయి. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ పరీక్షలో రెండు ఎయిర్‌బ్యాగుల పోలోకు పెద్దల రక్షణలో నాలుగు నక్షత్రాలు వచ్చిన సంగతి కూడా ఇక్కడ గుర్తుచేయాలి, పాత కారు కొనేవారు భద్రతను చివరికి నెట్టేస్తుంటారు. గుంతల మీద ముందు సస్పెన్షన్ టకటకమంది, బుష్‌లు, లింకులు మార్చాలి. వెనుక సీటులో పెద్దవాళ్లకు మోకాళ్లు ఇరుకే, అది కొత్తప్పటి నుంచీ ఉన్న సంగతి. మధ్యాహ్నం ఎండలో ఏసీ బాగానే పనిచేసింది.

టైర్ల పక్కన ఉండే నాలుగంకెలు 2319, అంటే 2019లో 23వ వారం. గాట్లు ఎంత మిగిలినా మన ఎండలకు అంత పాత రబ్బరును నమ్మలేం. బానెట్, ముందు తలుపుల బోల్టుల మీద స్పానర్ గుర్తులు లేవు, వెనుక బంపరుకు మాత్రం మళ్లీ రంగు వేశారు. కాగితాల విషయంలో ఆర్‌సీ మీద అప్పు తీరినట్టు బ్యాంకు పత్రం, ఆ అప్పును ఆర్‌సీ నుంచి తొలగించే ఫారం 35 ఉన్నాయి. రెండు చలాన్లు బాకీ ఉన్నాయి, అమ్మేవారే కడతామన్నారు. యాజమాన్యం మార్పుకు వాడే 29, 30 ఫారాల మీద సంతకాలు చేయించుకుని, పేరు మారేదాకా కొంత సొమ్ము ఆపుకోవడం మంచిది. ఇన్సూరెన్స్ పాలసీని కొన్న 14 రోజుల్లో మన పేరుకు మార్పించుకోవాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది కనుక ప్రీమియం తేడా మనమే కట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఈ కారు రిజిస్ట్రేషన్ 2030తో ముగుస్తుంది. ఆపై ఫిట్‌నెస్ చేయించి, పునరుద్ధరణ రుసుము, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. కాబట్టి అయిదేళ్ల అప్పు చేసి దీన్ని కొనడం నా దృష్టిలో తప్పు.

అడిగిన ధర 4,75,000 రూపాయలు. మేము తెలుసుకున్న అంచనాల ప్రకారం క్లచ్ సెట్టుకు, కూలికి 75,000, నాలుగు టైర్లకు 24,000, సస్పెన్షన్ పనికి 18,000, ఆయిళ్లు, ప్లగ్గులు, ఫిల్టర్లు, వాల్వుల మసి తీయించడానికి 18,000, మొత్తం 1,35,000 అవుతాయి. వీటిలో ఒక్కటి కూడా సోకు కోసం చేయించేది కాదు. మెకట్రానిక్ యూనిట్ ఎప్పుడైనా మార్చాల్సి వస్తే లక్షకు పైగా అవుతుందన్నారు, ఆ సొమ్ము చేతిలో లేకుండా ఏ డీఎస్‌జీ పాత కారునూ కొనకూడదు. ఈ లెక్కను దృష్టిలో పెట్టుకుని నేను 3,60,000 చెప్పాను. అమ్మేవారు 4,40,000 దగ్గర ఆగారు.

ధర కుదిరినా మా మేనల్లుడికి ఈ కారు వద్దనే చెప్పాను. వాడి రోజువారీ దారి వనస్థలిపురం నుంచి ఎల్‌బీ నగర్ దాటి గచ్చిబౌలికి, ఉదయం గంటన్నర, సాయంత్రం గంటన్నర. కొత్త క్లచ్ వేయించినా ఆ ట్రాఫిక్ దాన్ని మళ్లీ అంతే అరగదీస్తుంది. వాడికి ఈ కారు మీద ఉన్న ప్రేమ నాకు తెలుసు గనుక మాన్యువల్ గేర్లతో 2020 తరువాత వచ్చిన ఒక లీటరు పోలో టీఎస్ఐ చూడమన్నాను. ధర ఎక్కువే, రిజిస్ట్రేషన్ మాత్రం ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది. ఒక రోజు మాట్లాడలేదు, తరువాత తానే ఫోన్ చేసి నాచారంలో అలాంటి బండి ఒకటి చూశానన్నాడు.

మిర్యాలగూడ, హాలియా, సాగర్ దారుల్లో తిరిగేవారికి, వారానికొకసారి హైవే ఎక్కేవారికి మాత్రం 3,60,000 నుంచి 3,80,000 మధ్య దొరికితే ఈ కారు తీసుకోదగినదే. అరిగిన క్లచ్ మార్చుకునే లెక్క ఆ ధరలో కలిసే ఉంది, ఇంజిన్, బాడీ రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. నేను తిరిగే దారులు కూడా అవే కనుక నా ఫోన్ నంబరు అమ్మేవారి దగ్గర ఉంచి వచ్చాను. 3,80,000కు దిగితే అదే మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లి, బాండు రాయించుకుని, బండిని నేరుగా క్లచ్ పనికి తీసుకుపోతాను.