విదేశాల్లో ఉన్నవారి కోసం నాడి జోస్యం చెప్పిస్తున్నారా? తాంబరం వైపు వారితో జాగ్రత్త

చెన్నైలో ఉంటున్న తెలుగువారు, ముఖ్యంగా అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లల కోసం, తోబుట్టువుల కోసం ఇక్కడి నుంచి నాడి జోస్యం చెప్పించే బాధ్యత నెత్తిన వేసుకున్నవారు, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. నేను ఎవరి గురించి రాస్తున్నానో మీలో చాలామందికి పేరు చెప్పకుండానే తెలుస్తుంది. తాంబరం దాటగానే గోడ నిండా అగస్త్య మహర్షి బొమ్మ, కింద మూడు భాషల్లో ‘విదేశీ భక్తులకు ఇంటి వద్దకే నాడి’ అన్న బోర్డు కనిపిస్తాయి కదా, ఆ మహానుభావులే. ఫోను తెరిస్తే వారి ప్రకటన, మూసి మళ్ళీ తెరిస్తే మళ్ళీ వారి ప్రకటనే.

మా చెల్లెలి కుటుంబం డాలస్‌లో ఉంటుంది. మేనకోడలి సంబంధాలు రెండు మూడు చివరిదాకా వచ్చి తప్పిపోయాయి. ఆ దిగులులో ఉండగా ఈ ప్రకటన మా చెల్లెలి కంట పడింది. ‘అన్నయ్యా, నువ్వు ఉన్న ఊరే కదా, ఒకసారి కనుక్కో’ అన్నది. కనుక్కున్నాను. అంతకంటే చెప్పవలసిన పూర్వకథ ఏమీ లేదు.

నాడి పద్ధతి తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. అగస్త్యుడి వంటి మహర్షులు వేల ఏళ్ళ క్రితమే మన జీవితాలను దివ్యదృష్టితో చూసి చెప్పారనీ, అవే తాళపత్రాల మీద ఉన్నాయనీ నమ్మకం. మగవారైతే కుడి చేతి, ఆడవారైతే ఎడమ చేతి బొటనవేలి ముద్ర ఇస్తే, ఆ రేఖలను బట్టి తాళపత్రాల కట్ట వెతికి తీస్తారు. ఆ తరువాత ఒక్కొక్క ఆకులోని వివరాలు చదువుతూ అవునా కాదా అని అడుగుతారు, అన్నీ అవునన్న ఆకు మీది అన్నమాట. మొదటి కాండం జీవితం మొత్తానికి, ఏడవది వివాహానికి, పదమూడవదైన శాంతి కాండం పూర్వజన్మ పాపాలకూ పరిహారాలకూ, పద్నాలుగవదైన దీక్షా కాండం మంత్రానికీ రక్షకూ సంబంధించినవి. ఈ విద్యకు వైదీశ్వరన్ కోయిల్ పేరు పడ్డ ఊరు కాబట్టి, మన తాంబరం వారు కూడా తమ కట్టలన్నీ అక్కడి నుంచి తాతల నాడు వచ్చినవేనని చెప్పుకుంటారు. శాస్త్రం నిజమా అబద్ధమా అన్న వాదన నేను పెట్టుకోవడం లేదు, నా ఫిర్యాదు ఈ దుకాణం మీద మాత్రమే.

వేలిముద్ర వాట్సాప్‌లో పంపమన్నారు, పంపాము. దానితోపాటు ఒక ఆన్‌లైన్ ఫారం కూడా నింపమన్నారు. అందులో పేరు, పుట్టిన తేదీ, సమయం, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, చివరకు అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు కూడా ఉన్నాయి. ఇవన్నీ ఎందుకని అడిగితే, అది ఆఫీసు రికార్డు కోసమేననీ, ఆకు చదివే గురువుగారు దానిని కన్నెత్తి కూడా చూడరనీ హామీ ఇచ్చారు. బ్యాంకులో ఉద్యోగం చేసినంత కాలం ఎదుటివారి కేవైసీ కాగితాలను నాలుగుసార్లు తిప్పి చూసిన నేను ఆ హామీ విని బుద్ధిమంతుడిలా తల ఊపి, రెండు కాండాలకు పదిహేను వేల రూపాయలు యూపీఐలో పంపాను.

వీడియో కాల్ మాకు ఉదయం ఏడున్నరకు, వాళ్ళకు ముందు రోజు రాత్రి తొమ్మిదికి. గురువుగారు విభూతి రేఖలతో, వెనక ఒక దీపంతో కూర్చున్నారు. పక్కన తెలుగులో చెప్పడానికి ఒకావిడ ఉన్నారు. ఆయన రాగం తీస్తూ తమిళ పద్యం చదివారు, నిజం చెప్పాలంటే గొంతు బాగుంది. పిల్ల పేరు వచ్చింది, తండ్రి పేరు వచ్చింది, తల్లి పేరు వచ్చింది. అటు వైపు మా చెల్లెలు కళ్ళు తుడుచుకుంటోంది. అప్పుడు ఆయన ఆకును కెమెరాకు దగ్గరగా పెట్టి, గంటంతో గీసిన ఒక వరుస మీద వేలు ఆనించి, ‘అమ్మమ్మ పేరు శుభలక్ష్మి’ అని చదివారు.

మా అమ్మ పేరు సుబ్బలక్ష్మి. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి మొక్కుకున్న తరువాత పుట్టిందని మా తాతగారు పెట్టిన పేరు అది. శుభలక్ష్మి అన్న మనిషి మా వంశంలో ఎవరూ లేరు. నాకు ఏదో అనుమానం వచ్చి, కాల్ నడుస్తూ ఉండగానే, ఫారం పంపినప్పుడు వచ్చిన నకలు తెరిచి చూశాను. మేనకోడలు ఇంగ్లీషు అక్షరాలలో అమ్మమ్మ పేరు సరిగానే కొట్టింది కాని, ఫోను తనంతట తానుగా దిద్ది ఒక అక్షరం మార్చేసింది, పంపే తొందరలో ఎవరూ గమనించలేదు. ఫారంలో ఉన్నది ‘శుభలక్ష్మి’. వేల ఏళ్ళ క్రితం అగస్త్యులవారు దివ్యదృష్టితో చూసి చెప్పినదీ, అక్షరం పొల్లు పోకుండా, ఆ ‘శుభలక్ష్మి’యే. మహర్షి కమండలంలో ఆటోకరెక్ట్ కూడా ఉండేదన్న సంగతి నాకు ఆ ఉదయమే తెలిసింది.

నేను గొంతు పెంచలేదు. మా అమ్మ పేరు అది కాదనీ, ఆ తప్పు మీ ఫారంలో మాత్రమే ఉన్నదనీ, ఆకులోకి ఎలా వచ్చిందో చెప్పమనీ తమిళంలోనే అడిగాను. గురువుగారు ఆకు కింద పెట్టి, చిరునవ్వు కూడా చెదరకుండా, ‘సార్, మీ అమ్మగారి అసలు పేరు శుభలక్ష్మే అయి ఉంటుంది, మీ ఇంట్లో వాళ్ళు పలకడం రాక సుబ్బలక్ష్మి అని పిలిచి ఉంటారు, మహర్షి వాక్కు తప్పదు’ అన్నారు. చనిపోయిన మా అమ్మకు, ఆమె కొడుకు ముందు, కూతురు ముందు, ముక్కూ మొహం తెలియని మనిషి కొత్తగా నామకరణం చేశాడు. నేను మళ్ళీ నోరు విప్పేలోపు, ‘నమ్మకం లేనివాళ్ళు మధ్యలో కూర్చుంటే ఆకు మాట్లాడదు, మీరు లైన్ వదలండి’ అని నన్ను కాల్ నుంచి తీసేశారు. డబ్బు కట్టిన మనిషిని! ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

ఆ తరువాత వారు పంపిన జాతక చక్రం మరొక చోద్యం. పిల్లకు సింహ లగ్నమనీ, రెండవ ఇంట కుజుడు ఉన్నందువల్ల కుజదోషమనీ, పెళ్ళి ఆగడానికి అదే కారణమనీ ఆకులో వచ్చిందట. మేనకోడలు 1997 జూలై మధ్యలో, డాలస్‌లో ఉదయం 8 గంటల 25 నిమిషాలకు పుట్టింది. అప్పుడే నెల్లూరులో మా సిద్ధాంతిగారు వేసిన జాతకంలో కర్కాటక లగ్నం, కన్యలో కుజుడు, అంటే లగ్నం నుంచి మూడవ ఇల్లు, దోషం లేదు. తేడా ఎక్కడ వచ్చిందా అని చూస్తే, వీళ్ళు పంపిన పీడీఎఫ్ మూలన చిన్న అక్షరాలలో ‘టైమ్ జోన్ 6.00 పడమర’ అని ఉంది. డాలస్ గడియారం గ్రీనిచ్‌కు ఆరు గంటలు వెనక ఉండేది చలికాలంలో మాత్రమే. వేసవిలో డేలైట్ సేవింగ్ కింద గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి జూలైలో తేడా అయిదు గంటలే. ఆ ఒక్క గంట దిద్దకపోతే, సుమారు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున కదిలే లగ్నం కర్కాటకం దాటి సింహంలోకి పోతుంది. వీళ్ళ చక్రంలో జరిగింది అక్షరాలా అదే. మహర్షికి అమెరికా వేసవి గడియారం తెలియకపోవడాన్ని క్షమించవచ్చు, చలికాలపు గడియారం ఎలా తెలిసిందన్నదే నాకు అర్థం కాలేదు. పైగా వైదీశ్వరన్ కోయిల్ అంటేనే అంగారక క్షేత్రం. కుజుడి ఊరి పేరు చెప్పుకుని, లేని కుజదోషం అంటగట్టారు.

ఇంతటితో ఆగినా నేను పదిహేను వేలు పోయాయనుకుని ఊరుకునేవాణ్ణేమో. నన్ను తీసేసిన తరువాత వాళ్ళు మా చెల్లెలికి విడిగా ఫోను చేసి, ‘మీ అన్నగారు మహర్షిని అవమానించారు, దానివల్ల దోషం రెట్టింపయింది, శాంతి, దీక్ష రెండు కాండాలూ వెంటనే చూడాలి’ అని భయపెట్టి, ఏభై నాలుగు వేలు చెప్పి, ఇరవై వేలు అడ్వాన్సుగా ఆమె ఎన్నారో ఖాతా (విదేశాల్లో ఉన్నవారికి ఇక్కడి బ్యాంకులో ఉండే ఖాతా) నుంచి వేయించుకున్నారు. నాకు చెబితే దోషం ఇంకా పెరుగుతుందన్నారట, అందుకని ఆమె చెప్పలేదు. తెలిసి నేను తాంబరం వెళ్ళి అడిగితే, కౌంటరులోని కుర్రవాడు తల ఎత్తకుండా, ‘డాలర్లలో సంపాదించేవాళ్ళకు ఇదొక లెక్కా సార్’ అన్నాడు. రసీదు అడిగితే, దేవుడి పనికి రసీదు ఇవ్వరట. జీపే చేయించుకోవడానికి మాత్రం దేవుడికి అభ్యంతరం లేదు. ఇంటికి వచ్చేసరికి మా ఇద్దరి నంబర్లూ బ్లాక్ చేశారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డబ్బు వస్తుందన్న ఆశ పెద్దగా లేదు. మా చెల్లెలైతే, పోనీ ఆ మిగతా ముప్ఫై నాలుగు వేలు కూడా కట్టేస్తే పీడ పోతుందేమో అంటోంది, ఆమెకు నచ్చజెప్పడమే ఇప్పుడు నాకు మిగిలిన పని.

చూపించుకోకుండా ఉండలేమనుకునేవారు కనీసం ఫారంలో అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు రాయకండి, కట్ట దొరకడానికి వేలిముద్ర చాలునన్నది వాళ్ళ మాటే కదా. ఆధార్ ఉన్నవారు వేలిముద్ర ఫొటో ఎవరికైనా పంపే ముందు ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. పిల్లలు అమెరికాలో ఏప్రిల్‌కూ అక్టోబరుకూ మధ్య (2007 నుంచి అయితే మార్చికీ నవంబరుకూ మధ్య) పుట్టి ఉంటే, ఎవరు జాతకం వేసినా ఆ ఒక గంట దిద్దారో లేదో అడిగి, కాగితం మీద టైమ్ జోన్ గడి చూసిన తరువాతే డబ్బు ఇవ్వండి.