బెంగళూరులో నాటకం చూడాలంటే: హాళ్లు, లాడ్జీలు, తిరుగు ప్రయాణం

మాది హిందూపురం. రైలెక్కితే బెంగళూరు రెండు గంటల ప్రయాణం. మా ఊరివాళ్లు ఆసుపత్రి పనులకో, పెళ్లి బట్టలకో, పిల్లల ఉద్యోగాల కోసమో ఆ రైలెక్కుతారు. నేను ఎక్కువగా నాటకాల కోసం ఎక్కుతాను. శనివారం వెళ్లి ఆదివారం రాత్రికి ఇల్లు చేరడం అలవాటైపోయింది. కన్నడ నాటకాలు, తెలుగు పద్య నాటకాలు, అప్పుడప్పుడు గుంటూరు వైపు నుంచో హైదరాబాద్ నుంచో వచ్చే బృందాల సాంఘిక నాటికలు, దొరికినవన్నీ చూస్తాను. ఈమధ్య అనంతపురం, ధర్మవరం, కదిరి మిత్రులు కొందరు “మేమూ వస్తాం, ఎక్కడ ఏది బాగుంటుందో చెప్పు” అంటున్నారు. వాళ్లకు చెప్పాల్సింది కాస్త వివరంగా రాస్తున్నాను.

కొత్తగా వచ్చేవాళ్లను ముందు తీసుకెళ్లాల్సింది జె.పి.నగర్ రెండో ఫేజ్‌లోని రంగశంకరకే. 1990లో కారు ప్రమాదంలో పోయిన నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ పేరు మీద ఆయన భార్య అరుంధతీ నాగ్ ఏళ్ల తరబడి కష్టపడి కట్టించిన థియేటర్ అది. 2004లో మొదలైంది. దూరదర్శన్‌లో ‘మాల్గుడి డేస్’ చూసిన తరానికి శంకర్ నాగ్‌ని నేను పరిచయం చేయక్కర్లేదు. మూడు వందల పైచిలుకు మంది పట్టే హాలు. సీట్లు మెట్లమెట్లుగా పైకి ఉంటాయి కాబట్టి ముందువాళ్ల తల అడ్డం రాదు. నటుడు గొంతు తగ్గించి గొణిగినా చివరి వరుసలో వినబడుతుంది. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో ఏదో ఒక నాటకం ఉంటుంది. టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. మల్టీప్లెక్స్‌లో సినిమా చూసి పాప్‌కార్న్ కొంటే అయ్యే ఖర్చులో ఇక్కడ ఇద్దరం నాటకం చూసి టిఫిన్ చేసి రావచ్చు. కింద కేఫ్‌లో సగ్గుబియ్యం వడ, కాఫీ తీసుకుని నలుగురు కొత్తవాళ్ల మధ్య కూర్చుంటే చాలు, పక్క బల్ల దగ్గర మొన్నటి నాటకం మీద వాదన వినబడుతుంది. నాకు ఆ అరగంట కూడా నాటకంలో భాగమే.

రంగశంకర గురించి అందరూ ముందు చెప్పేది టైమ్ గురించి. ఏడున్నర ఆట అంటే ఏడున్నరే. మూడో బెల్లు కొట్టి తలుపులు మూశాక టికెట్ ఉన్నవాళ్లనైనా లోపలికి పంపరు. ఈ కట్టుబాటు మీద కోప్పడేవాళ్లు ఉన్నారు. బెంగళూరు ట్రాఫిక్ తెలిసి కూడా ఇలా చేస్తారా అంటారు. నేను మాత్రం పూర్తిగా ఆ నియమం పక్షమే. లైట్లు ఆరి, మొదటి నటుడు రంగం మీదికి వచ్చి ఇంకా నోరు తెరవని ఆ కొద్ది క్షణాల్లోనే నాటకం పట్టుకుంటుంది. అప్పుడు ఎవరో సెల్‌ఫోన్ లైటు వేసుకుని సీటు వెతుక్కుంటూ మోకాళ్ల మీదుగా దాటుకుని పోతే ఆ పట్టు మళ్లీ రాదు. పైగా టైముకు మొదలైతే టైముకు అయిపోతుంది. నాలాగా వేరే ఊరి నుంచి వచ్చేవాడికి అది ఎంత పెద్ద ఊరటో చెప్పలేను. తొమ్మిదిన్నరకు బయటపడితే ఆటో పట్టుకుని మెట్రో చేరడానికి టెన్షన్ ఉండదు.

కన్నడ రాకపోతే ఎలా అని అడుగుతారు. మా సరిహద్దు ఊళ్లవాళ్లకు మాట్లాడే కన్నడ చెవిన పడుతూనే ఉంటుంది, అంత కష్టం కాదు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఐటీలో పనిచేస్తున్నవాళ్లకు మొదట్లో ఇబ్బందే. వాళ్లకు నా సలహా, ముందే కథ తెలిసిన నాటకంతో మొదలుపెట్టండి. గిరీశ్ కర్నాడ్ 1964 నాటి ‘తుగ్లక్’ ఎవరైనా వేస్తున్నారని తెలిస్తే వదలకండి. చరిత్ర పాఠంలో చదివిన రాజే కాబట్టి మాట జారినా కథ జారదు. నీనాసం వాళ్ల ‘తిరుగాట’ బృందం బెంగళూరు వచ్చినప్పుడు కూడా తప్పక చూడాలి. శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో హెగ్గోడు అనే చిన్న పల్లెలో 1949లో పుట్టిన సంస్థ అది. దాన్ని నడిపిన కె.వి.సుబ్బణ్ణకు 1991లో మెగసెసే అవార్డు వచ్చింది. 1985 నుంచి ఆ బృందం ఏటా కొత్త నాటకాలు తయారు చేసుకుని ఊరూరా తిరుగుతోంది. ఒక పల్లెటూరి నుంచి ఇంత క్రమశిక్షణతో పనిచేసే బృందం పుట్టిందంటే మనసు నిండుతుంది. మన దగ్గర కూడా ఇలాంటిది ఒకటి ఉండకూడదా అన్న బాధ కూడా వెంటే వస్తుంది.

జె.సి.రోడ్డులోని రవీంద్ర కళాక్షేత్ర వేరే రకం. టాగూర్ శతజయంతి గుర్తుగా కట్టి 1963లో తెరిచిన ప్రభుత్వ హాలు. చాలా పెద్దది, ముందు వరుసల్లో చోటు దొరికితేనే నటుల ముఖాలు స్పష్టంగా కనిపిస్తాయి. కాబట్టి అరగంట ముందే వెళ్లండి. కె.ఆర్.మార్కెట్ మెట్రోలో దిగితే నడక దూరమే. నాకు అసలు హాలు కన్నా దాని వెనక ఉన్న ‘సంస’ బయలు రంగమందిరం ఇష్టం. 1972లో కన్నడ నాటక దర్శకుడు బి.వి.కారంత్ కళాక్షేత్ర వెనక ఆరుబయట వేయించిన నాటకాల గురించి పాత తరం కన్నడ ప్రేక్షకులు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. డిసెంబర్, జనవరి చలిలో స్వెటర్ వేసుకుని రాతి మెట్ల మీద కూర్చోవాలి. కూర్చోవడానికి ఒక పాత దుప్పటి పట్టుకెళ్తే ఇంకా మంచిది.

కారంత్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆయన చిన్నతనంలో గుబ్బి వీరణ్ణ కన్నడ నాటక కంపెనీలో చేరి పెరిగిన మనిషి. 1990లలో ఆయనే మన సురభి వాళ్లతో కూర్చుని ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ నాటకాలు చేయించారు. గుబ్బి కంపెనీ 1884లో పుట్టింది. కడప జిల్లా సురభి గ్రామంలో వనారస కుటుంబం ‘కీచక వధ’తో రంగం ఎక్కింది 1885లో. ఒక్క ఏడాది తేడాతో పుట్టిన రెండు కంపెనీలను ఒక మనిషి తన చేతుల్తో కలిపాడు. మనకు కన్నడ నాటకం పరాయిది కాదని నేను అనడానికి ఇదొక కారణం.

ఇక తెలుగు నాటకాలు. వయ్యాళికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి, వాళ్ల శ్రీకృష్ణదేవరాయ కళామందిరం బెంగళూరు తెలుగువాళ్లందరికీ తెలిసిన చిరునామా. అక్కడే కాకుండా ఊళ్లో నాలుగైదు చోట్ల సంఘాలు పద్య నాటకాలు వేయిస్తుంటాయి. వాటిల్లో దొరికే ఆనందం నాకు మరెక్కడా దొరకలేదు. కృష్ణ రాయబారం సీన్ చూడండి. కృష్ణుడు పద్యం ఎత్తుకునే ముందు హార్మోనియం ఆయన శ్రుతి పట్టుకుని నటుడి ఛాతీ వైపే చూస్తూ ఉంటాడు. ఊపిరి తీశాడని కనబడగానే వేళ్లు కదులుతాయి. చివరి పాదంలో రాగం ఎంతదూరం లాగుతాడో ఎవరికీ తెలియదు, ఆయన వెంట పడి వెళ్లడమే. నా పక్కన కూర్చున్న పెద్దాయన పెదాలు కదుపుతూ నటుడి కన్నా ఒక పాదం ముందే ఉన్నాడు. పద్యం అయ్యీ కాకముందే “వన్స్ మోర్” అని కేక. ఆ కేక వేసింది ఆయనే. ఇంటర్వెల్‌లో నన్ను చూసి “ఏం నాయనా, ఈ వయసులో పద్య నాటకానికి వచ్చినావే, మా పిల్లోల్లు గడప కూడా తొక్కరు” అన్నాడు. చిత్తూరు నుంచి యాభై ఏళ్ల కిందట వచ్చి స్థిరపడిన మనిషి. ఆయనకు రాయబారం మొత్తం కంఠతా వచ్చు.

బాధ కూడా ఇక్కడే ఎక్కువ. ఏ సంఘమో, ఏ హాలో చెప్పను. కరపత్రంలో సాయంత్రం 5 గంటలకు అని వేశారు. నేను నాలుగున్నరకే వెళ్లి కూర్చున్నాను. అయిదున్నరకు మైకు టెస్టింగ్ మొదలైంది. ఆరున్నరకు జ్యోతి ప్రజ్వలన. తర్వాత వేదిక మీదికి అతిథులు, వాళ్లను పరిచయం చేసేవాళ్లు, శాలువాలు, మెమెంటోలు, ఒక్కో అతిథి ప్రసంగం. తెర లేచేసరికి ఏడున్నర దాటింది. నటులు కోస్తా నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చినవాళ్లు. మధ్యాహ్నం నుంచి కిరీటాలు, భుజకీర్తులు పెట్టుకుని, ముఖాన రంగు ఆరిపోతుంటే లోపల చెమటలు కక్కుతూ కూర్చున్నారు. తొమ్మిదిన్నర కాగానే హాలు సిబ్బంది టైమ్ అయిపోయిందని లైట్లు వేసేశారు. ఆఖరి సీన్ ఆడనివ్వలేదు. దుర్యోధనుడి వేషం వేసిన నటుడు రంగం మధ్యకు వచ్చి చేతులు జోడించి “క్షమించండి” అన్నాడు. ఆయన ఎందుకు క్షమాపణ చెప్పాలి? ఆ రాత్రి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇది ఒక్కచోట జరిగింది కాబట్టి అందరినీ అనడం సరికాదు. కానీ ఆలస్యం మాత్రం చాలాచోట్ల మామూలే. అందుకే యువకులు రావడం లేదనిపిస్తుంది. పద్యం అర్థం కాక కాదు, వాళ్ల సాయంత్రానికి మనం విలువ ఇవ్వకపోవడం వల్ల. సంఘాల పెద్దలను చేతులెత్తి అడిగేది ఒకటే. సన్మానాలు నాటకం అయ్యాక పెట్టండి. ‘ప్రవేశం ఉచితం’ తీసేసి వంద రూపాయల టికెట్ పెట్టండి. డబ్బు పెట్టి కొన్నవాడు టైముకు వస్తాడు, టైముకు మొదలుపెట్టమని అడిగే హక్కూ వాడికి ఉంటుంది. నటులకు నాలుగు రూపాయలు ఎక్కువ ముడతాయి. మరో చిన్న మాట, కాలర్ మైకులు వద్దు. పూసల హారాలు రాసుకుని పద్యం పొడుగునా గరగరమంటుంది. పైనుంచి వేలాడదీసిన రెండు మంచి మైకులు చాలు. ఇంకొకటి, తేదీ మారితే వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టండి. హిందూపురం నుంచి వచ్చి తాళం వేసిన గేటు చూసి వెనక్కి వెళ్లడం చాలా కష్టంగా ఉంటుంది.

బస విషయానికి వస్తే, మెజెస్టిక్, గాంధీనగర్ లాడ్జీలు స్టేషన్‌కి దగ్గర, అద్దె తక్కువ. ఒంటరిగా వచ్చే మగవాళ్లకు పరవాలేదు. గది చూడకుండా మాత్రం డబ్బు కట్టకండి. ఫోన్‌లో “రోడ్డు వైపు కిటికీ” అన్న గదికి కిటికీ తీస్తే ఎదురుగా గోడే కనబడిన లాడ్జి కూడా చూశాను. రెండు ప్రశ్నలు ముందే అడగాలి. చెక్‌ అవుట్ 24 గంటలకా, మధ్యాహ్నం 12కా? రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు? నాటకం చూసి, భోంచేసి వచ్చేసరికి పదకొండు దాటుతుంది, గేటు దగ్గర నిలబడి వాచ్‌మన్‌ని లేపడం బాగుండదు. కుటుంబంతో వస్తే జయనగర్, జె.పి.నగర్ వైపు చిన్న సర్వీస్ అపార్ట్‌మెంట్లు మేలు. అద్దె ఎక్కువే, కానీ రంగశంకర నుంచి ఆటోలో కాసేపట్లో చేరిపోవచ్చు, ఆడవాళ్లకు రాత్రిపూట ధైర్యంగా ఉంటుంది. ఆటో వాళ్లు రాత్రి పది దాటితే ఒకటిన్నర రెట్లు అడుగుతారు. అది ప్రభుత్వం ఒప్పుకున్న రేటే, గొడవ పెట్టుకోకండి. పది లోపే అంత అడిగితే మాత్రం యాప్‌లో బుక్ చేసుకోవడం నయం.

తిండికి లోటు లేదు. మధ్యాహ్నమే ఊళ్లో దిగితే గాంధీబజార్‌లో 1943 నుంచి ఉన్న విద్యార్థి భవన్‌లో మసాలా దోసె తినండి, శని, ఆదివారాల్లో లైన్ ఉంటుందని తెలుసుకుని వెళ్లండి. రాత్రి ఆట అయ్యాక బసవనగుడి వైపు ఉంటే వి.వి.పురం తిండి బీదిలో (తినుబండారాల వీధిలో) ఏదో ఒకటి వేడిగా దొరుకుతుంది.

మా వైపు నుంచి వచ్చేవాళ్లకు నాకు కుదిరిన పద్ధతి ఇది. శనివారం మధ్యాహ్నం దిగి గదిలో సామాను పెట్టి, సాయంత్రం తెలుగు నాటకం ఉంటే అక్కడికి, లేకపోతే కళాక్షేత్రకు. శనివారం రాత్రి ఎంత ఆలస్యమైనా గది ఉంది కాబట్టి చింత లేదు. ఆదివారం మాత్రం రంగశంకరలో మధ్యాహ్నం మూడున్నర ఆట ఉందేమో చూసుకుని దానికే టికెట్ తీసుకోండి. ఆరు లోపు బయటపడి మెట్రోలో మెజెస్టిక్ చేరితే సాయంత్రం రైలు నిదానంగా అందుతుంది. యలహంక దాటేదాకా బోగీలో నిలబడాల్సి వచ్చినా, చూసిన నాటకం గురించి మాట్లాడుకోవడానికి పక్కన ఒకరుంటే హిందూపురం ఇట్టే వచ్చేస్తుంది.