గేమ్ నేపథ్యాలకు గింప్: రంగుల లోతు దగ్గర వచ్చే చిక్కులు

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మేం కొందరం తెలుగువాళ్లం కలిసి, సెలవు రోజుల్లో ఒక పాయింట్ అండ్ క్లిక్ సాహస గేమ్ తయారు చేస్తున్నాం. గేమ్ అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే ఇంజిన్ (గేమ్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తుంది. నేపథ్య చిత్రాలన్నీ నేను గింప్ అనే, బొమ్మలు గీసి దిద్దుకునే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే వేస్తాను. 2.10 వెర్షన్ రోజుల నుంచి 2025 మార్చిలో విడుదలైన 3.0 దాకా ఇదే నా పనిముట్టు. రంగుల లోతు అంటే ఒక్కో పిక్సెల్ రంగును ఎన్ని బిట్లతో రాస్తారన్న లెక్క. చిత్రం రంగుల లోతుకూ గేమ్ రంగుల లోతుకూ పొత్తు కుదరనప్పుడు లోపం ఎక్కడుందో పట్టుకోవడానికీ, సరిచేయడానికీ కావలసినవన్నీ గింప్‌లో ఉన్నాయి. కాకపోతే అవి నాలుగైదు మెనూలలో చెదిరి ఉంటాయి కాబట్టి, ఏది ఎక్కడుందో తెలిసేదాకా కొత్తవారికి తిప్పలు తప్పవు.

ఎక్కువ గందరగోళం బిట్ల లెక్క దగ్గరే పుడుతుంది. ఈ ఇంజిన్‌లో 8 బిట్ గేమ్ అంటే ఒక్కో పిక్సెల్‌కు మొత్తం 8 బిట్లు, అంటే ఒక్కో గడిలో ఒక్కో రంగు ఉండే 256 రంగుల పట్టిక (పాలెట్). గింప్‌లో 8 బిట్ అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికీ 8 బిట్లు చొప్పున మొత్తం 24 బిట్లు, అంటే 1,67,77,216 రంగులు. అలాగే ఇంజిన్ చెప్పే 32 బిట్లలో మూడు రంగులూ, పారదర్శకతను చెప్పే ఆల్ఫా ఛానెలూ కలిసి ఉంటాయి, గింప్ ప్రెసిషన్ మెనూలోని 32 బిట్ మాత్రం ఒక్కో ఛానెల్‌కే వర్తిస్తుంది. కాబట్టి 32 బిట్ గేమ్‌కు బొమ్మలు వేసేవారు గింప్‌లో 8 బిట్ ఇంటిజర్‌ను ఎంచుకోవాలి. మా జట్టులో చేరేవారికి నేను మొదట చెప్పేది ఇదే.

నేపథ్యం తేడాగా కనిపించిన వెంటనే గింప్ కిటికీ పైపట్టీ చూడాలి. చిత్రం ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతో) ఉందో, ఇండెక్స్‌డ్‌లో (పాలెట్ గళ్ల సంఖ్యలతో) ఉందో, ప్రెసిషన్ (ఛానెల్‌కు ఎన్ని బిట్లు) ఎంతో అక్కడే రాసి ఉంటుంది. తర్వాత చూడవలసింది పీఎన్‌జీ ఎక్స్‌పోర్ట్‌లోని పిక్సెల్ ఫార్మాట్. దాన్ని ఆటోమేటిక్‌గా వదిలేస్తే, 16 బిట్ ప్రెసిషన్‌లో వేసిన చిత్రం ఛానెల్‌కు 16 బిట్ల ఫైలుగానే బయటికి వస్తుంది, అవసరం లేని ఆల్ఫా ఛానెల్ ఉంటే అదీ వెంట వస్తుంది. నేపథ్యానికి పారదర్శకత అక్కర్లేదు కనుక నేను చిత్రాన్ని ఫ్లాటెన్ చేసి (లేయర్లన్నిటినీ ఒకటిగా కలిపి), 8 బీపీసీ (ఛానెల్‌కు 8 బిట్లు) ఆర్‌జీబీ అని స్పష్టంగా ఎంచుకుంటాను. బయటికి వచ్చిన ఫైలును ఇమేజ్‌మ్యాజిక్ అనే సాఫ్ట్‌వేర్‌లో చిత్రం వివరాలు చెప్పే ఐడెంటిఫై ఆదేశంతో ఒకసారి పరీక్షిస్తే అనుమానం తీరిపోతుంది.

256 రంగుల గేమ్ అయితే అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. మా గేమ్‌లో బెంగళూరులోని హలసూరు చెరువు సాయంకాలపు దృశ్యం ఒకటుంది: నారింజ నుంచి ఊదాకు మెల్లగా మారే ఆకాశం, నీళ్ల నడుమ దీవుల మీద చెట్లు, గట్టున రెండు మూడు దీపాలు. ఆప్టిమమ్ పాలెట్ (చిత్రంలోని రంగులను బట్టి గింప్ తానే ఎంచే పాలెట్) తయారు చేయమంటే, చిత్రంలో ఎక్కువ మేర ఆకాశమే కాబట్టి గళ్లలో సింహభాగం దాని ఛాయలకే పోయి, దీపాల పసుపు మట్టిరంగులోకి జారిపోయింది. దీపాలకూ ఆకులకూ కావలసిన రంగులను ముందే చేర్చి సొంత పాలెట్ కట్టుకోవడం దీనికి మందు. డిథరింగ్ (పాలెట్‌లో లేని రంగును ఉన్న రంగుల చుక్కలు కలిపి చూపడం) లేకపోతే ఆకాశంలో చారలు తేలతాయి. ఫ్లాయిడ్-స్టైన్‌బర్గ్ పద్ధతి నిశ్చల చిత్రానికి ఎంతో బాగుంటుంది; అదే నీళ్లు కదిలే నేపథ్యంలో వాడితే ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ చుక్కలు చోటు మారి తెర మినుకుమంటుంది. అక్కడ చుక్కల చోటు మారని పొజిషన్డ్ డిథరింగే వాడాలి.

గింప్‌లో నాకు అన్నిటికంటే నచ్చినదీ ఈ సందర్భంలోనే ఉపయోగపడుతుంది. ఇండెక్స్‌డ్ మోడ్ చిత్రం మొత్తానికి వర్తిస్తుంది కనుక, ఫ్రేములన్నీ లేయర్లుగా పేర్చి ఒక్కసారి మారిస్తే అన్నిటికీ ఒకే పాలెట్ వస్తుంది. విడివిడిగా మార్చిన ఫ్రేములలో ఒకే సంఖ్య గల గడిలో ఒక్కోచోట ఒక్కో రంగు కూర్చుంటుంది.

ఇండెక్స్‌డ్ చిత్రంలో రంగులు 16 లేదా అంతకంటే తక్కువగా ఉంటే, గింప్ పీఎన్‌జీని 4 బిట్లకో అంతకన్నా తక్కువకో కుదిస్తుంది. ఫైలు కచ్చితంగా 8 బిట్లే ఉండాలంటే 256 గళ్ల సొంత పాలెట్ ఇచ్చి, వాడని రంగులను తొలగించే ఆప్షన్‌కు ఉన్న టిక్కు తీసేయాలి. ఇండెక్స్‌డ్ కాపీ మీద మళ్లీ బ్రష్ పట్టుకుంటే కొత్త రంగు పాలెట్‌లోని దగ్గరి రంగుకు మారిపోతుంది కాబట్టి, దిద్దుబాట్లన్నీ ఆర్‌జీబీలో దాచుకున్న ఎక్స్‌సీఎఫ్ (గింప్ సొంత రకం) ఫైలులోనే చేసుకోవాలి.